నప్పుదల ధ్రువీకరణ పత్రం

మార్చి మూడో తేదీ ఉదయం పది గంటల ఇరవై నిమిషాలకు, పూర్తి స్పృహలో ఉండి, ఎవరి ఒత్తిడీ లేకుండా, నేనొక మాటను మెరుగుపరిచాను. దాని పుణ్యమా అని నలభై రెండు మంది పనిచేసే కార్యాలయం నెలాఖరుకల్లా ఒక్క కోటు చుట్టూ తిరగడం మొదలుపెట్టింది.

ఆ కార్యాలయం పేరు రాష్ట్ర తాటి ఉత్పత్తుల ప్రోత్సాహక మండలి, కాకినాడ ప్రాంతీయ శాఖ. తాటిబెల్లం, తాటాకు బుట్టలు, తాటినార బ్రష్షులు జనం వాడేలా ప్రోత్సహించడం మా పని. నా పేరు కంచిభొట్ల భీమశంకరం. అక్కడ సీనియర్ సూపరింటెండెంటుని. మండలి ఉత్తర్వుల్లోని తెలుగంతా నాదే. ముప్ఫై ఒక్క ఏళ్ళలో నా చేతి మీదుగా వెళ్ళిన ఉత్తర్వుల్లో ఒక్కదానికి కూడా సవరణ రాలేదు. ఈ సంగతి ఎవరైనా అడిగితే తప్ప చెప్పను. అడగకపోతే అడిగేలా చేస్తాను.

ఆ నెల ముప్ఫై ఒకటిన నా పదవీ విరమణ.

ఇక్కడ ఒక చొక్కా గురించి చెప్పాలి. పదకొండేళ్ళ కిందట మెయిన్ రోడ్డులో తోపుడు బండి మీద కొన్నాను. చిలకపచ్చ రంగు. పొట్టి చేతులు. ఒళ్ళంతా అరచేతంతేసి పసుపుపచ్చ పువ్వులు. ఆ పువ్వు ఏ చెట్టుకు పూస్తుందో నాకు తెలీదు, చొక్కా కుట్టినవాడికీ తెలిసుండదు. మా ఊళ్ళో వసంతం అంటే ఫ్యాను మూడో నంబరు నుంచి ఐదో నంబరుకు మారడం. ఏటా ఆ రోజున బీరువాలోంచి ఆ చొక్కా తీసి, తలుపులు వేసుకుని, ఇంట్లో తిరుగుతాను. గేటు చప్పుడైతే పైన తువ్వాలు కప్పుకుంటాను. మా ఆవిడ సుభద్ర దాన్ని చొక్కా అనదు. "తోట ఉతకనా, ఈ వారానికి ఉంచనా?" అంటుంది.

ఆఫీసుకు మాత్రం తెల్ల చొక్కా, బూడిద రంగు ప్యాంటు. ఒక్క రోజు, ఒకే ఒక్క రోజు, ఆ పువ్వుల చొక్కాతో ఆఫీసులో నా కుర్చీలో కూర్చోవాలని పదకొండు వసంతాలుగా నాకో కోరిక. ధైర్యం చాల్లేదు. ఇక మిగిలింది ఇరవై ఎనిమిది రోజులు.

సరిగ్గా అప్పుడు డైరెక్టరు గారు పిలిచారు.

డైరెక్టరు ప్రద్యుమ్న గారు ముప్ఫై నాలుగేళ్ళ మనిషి. 'ఆనందమయ కార్యాలయం' అనే శిక్షణకు వెళ్ళి ఆ ఉదయమే దిగారు. మొహం వెలిగిపోతోంది.

"భీమశంకరం గారూ, మనవాళ్ళని చూడండి. ఆపరేషన్ థియేటర్ బయట కూర్చున్న బంధువుల్లా ఉంటారు. స్ప్రింగ్ సీజన్ కదా, ఈ రెండు నెలలూ ఎవరికి నచ్చిన బట్టలు వాళ్ళు వేసుకుని రావచ్చని ఒక సర్క్యులర్ ఇద్దాం. రంగులు కనపడాలి. మనిషి కనపడాలి."

నాకు చొక్కా కనపడింది. కాళ్ళు నేలకు ఆనకుండా నా బల్ల దగ్గరకు వచ్చాను. 'వసంత ఋతువును పురస్కరించుకొని మండలి ఉద్యోగులు తమకు నచ్చిన దుస్తులు ధరించి విధులకు హాజరు కావచ్చును' అని రాశాను. అక్కడితో ఆగి ఉంటే ఈ కథ లేదు.

చదువుకున్నాను. 'నచ్చిన' మరీ పలచగా తోచింది. పకోడీలు నచ్చుతాయి. టీవీ సీరియల్ నచ్చుతుంది. ఉత్తర్వులో మాటకు బరువుండాలి. 'చ్చ' కొట్టేసి 'ప్ప' పెట్టాను. నప్పిన. గంభీరంగా ఉంది. 'కావచ్చును' కూడా బతిమాలుతున్నట్టుంది. 'కావలెను' అన్నాను. డైరెక్టరు గారు చదవకుండా సంతకం చేసి, మధ్యాహ్నం రైలుకు ఇంకో శిక్షణకు వెళ్ళిపోయారు. దాని పేరు 'నాయకత్వంలో మౌనం'. నాలుగు వారాలు ఫోన్లు ముట్టుకోకూడదట.

మర్నాడు పువ్వుల చొక్కా వేసుకుని వీధి గదిలోకి వచ్చాను. సుభద్ర కాఫీ గ్లాసుతో ఆగిపోయింది.

"ఇలాగే వెళ్తారా?"

"ఉత్తర్వు ఉంది."

"రాసిందెవరు?"

"నేనే."

"అయితే వెళ్ళండి. మిమ్మల్ని ఆపడానికి మీరే ఉండుంటారు అక్కడ" అంది. నాకు అప్పుడు అర్థం కాలేదు.

ఆఫీసు మెట్ల మీద పరిపాలనాధికారి వేదాచలం గారు నిలబడి ఉన్నారు. నేనూ ఆయనా ఒకే రోజున ఉద్యోగంలో చేరాం. ఆయన పైకి వెళ్ళారు, నేను తెలుగులోకి వెళ్ళాను. టీ చప్పగా ఉంటే "సదరు టీయందు చక్కెర లోపించినట్లు గమనించడమైనది" అనే మనిషి. చేతిలో నా ఉత్తర్వు ఉంది.

"ఆగండి. సదరు చొక్కా తమకు నప్పినదేనా?"

"నాకు నచ్చిందండి."

"నచ్చిన అని ఉత్తర్వులో లేదు. నప్పిన అని ఉన్నది. తమరు ఒక్క అక్షరమైనా ఊరికే రాయరని మండలిలో అందరికీ విదితమే."

అందరికీ విదితం చేసింది నేనే.

"నచ్చుట తొడుక్కున్నవాని పని. నప్పుట చూచువాని పని. చూచువాడు ఎవరనేది ఉత్తర్వులో లేదు. లేనిచోట ఆ బాధ్యత పరిపాలనాధికారిది. నేను చూచితిని. సంశయముగా ఉన్నది. తేలువరకు తమరు ఆ చొక్కాను ప్రదర్శించరాదు."

ఆ రోజంతా కుర్చీ వెనకాల వేసే తువ్వాలు మెడ నుంచి నడుము దాకా చుట్టుకుని పనిచేశాను. ఫ్యాను ఐదో నంబరులో ఉంది.

"ఏటండీ శంకరం గారూ, జొరమా?" అంటూ నూకరత్నం వచ్చింది. ఆవిడ మా డిస్పాచ్ గుమాస్తా. ఏ కాగితం బయటకు వెళ్ళాలన్నా నంబరు వేసేది ఆవిడే. వేసే ముందు ప్రతిదీ చదువుతుంది. చదవమని ఎవరూ చెప్పలేదు.

"మీ డ్రాఫ్టు చూసేనండి నేను. చ్చ కొట్టేసి ప్ప ఎట్టేరు. ఓ సవరణ పడేత్తే అయిపోద్ది కదా. 'నప్పిన అన్నచోట నచ్చిన అని చదువుకొనవలెను.' ఒక్క లైను. ఇప్పుడే నంబరేసేత్తాను."

"కుదరదు నూకరత్నం గారూ."

"ఏం?"

సొరుగు తీసి ఆవిడకు నా సన్మానపత్రం చూపించాను. పదవీ విరమణ రోజున వేదాచలం గారు చదవాల్సింది. 'ముప్పది యొక్క సంవత్సరముల సర్వీసులో ఒక్క సవరణకైనను తావీయని అక్షరశిల్పి' అని ఉంది అందులో.

"ఇది రాసిందెవరండి?"

"నేనే."

"ఆయ్, అనుకున్నాను." కాగితం మడిచి నా చేతిలో పెట్టింది. "అయితే రెంట్లో ఒకటేనండి మీకు. ఈ కాగితవైనా, ఆ చొక్కా అయినా. నా మాటింటే చొక్కా ఎట్టుకోండి. కాగితం ఉతికితే చిరిగిపోద్ది."

నేను రెండూ ఉంచుకోవచ్చు అనుకున్నాను. నా తెలివి రెండోసారి పనిచేసిన సందర్భం అది.

నప్పిందో లేదో తేల్చడానికి ఒక సంఘం వేయాలని నేనే నోట్ పెట్టాను. దానికి సభ్య కార్యదర్శిని నేనే అవుతాను, నా చొక్కాకు నేనే ముద్ర వేసుకుంటాను. అదీ పథకం. 'నప్పుదల' అనే మాట కూడా నేనే పుట్టించాను. నప్పుదల నిర్ధారణ సంఘం. అధ్యక్షులు వేదాచలం గారు. నమూనా పత్రం మూడు పేజీలు. దుస్తుల వివరము, రంగు, సదరు దుస్తులు తమకు నప్పునని భావించుటకు కారణము, ఇద్దరు సాక్షులు.

సాక్షుల దగ్గర వేదాచలం గారు కలం ఎత్తారు.

"సొంత కుటుంబీకులు ప్రేమ వలన గాని, భయము వలన గాని అబద్ధమాడుదురు. కావున ఒక సాక్షి తప్పనిసరిగా అత్తవారి తరఫు వారై ఉండవలెను."

సంఘం ఏకగ్రీవంగా ఆమోదించింది. నాకు బావమరిది ఉన్నాడన్న సంగతి ఆ క్షణంలో గుర్తు రాలేదు.

"ఇక శరీర ఛాయ. అది శాస్త్రీయముగా కొలవవలెను" అన్నారు అధ్యక్షులు.

మా ప్రయోగశాలలో రంగు కొలిచే సాధనం ఒక్కటే ఉంది. తాటిబెల్లం నాణ్యత చూసే అట్ట. దాని మీద లేత బంగారు రంగు నుంచి నల్లటి రంగు దాకా ఏడు గళ్ళుంటాయి. బెల్లం ముక్కను పక్కన పెట్టి ఏ గడికి సరిపోతే ఆ గ్రేడు అంటారు. ఉద్యోగుల్ని వరసలో నిలబెట్టి చెంపకు ఆ అట్ట ఆనించడం మొదలుపెట్టాం.

నూకరత్నం వంతు వచ్చింది.

"ఆ బెల్లం అట్ట నా బుగ్గకి ఆనించేరంటే, మీ బుగ్గకి ఏటి ఆనద్దో నేను చెప్పను" అంది.

'స్వయంప్రకటిత మూడవ గ్రేడు' అని సంఘం నమోదు చేసుకుంది.

నాకు ఆరో గ్రేడు వచ్చింది. అట్ట వెనక వివరం చూశాను. 'ఆరవ గ్రేడు: మానవ వినియోగమునకు పనికిరాదు. పశువుల దాణాకు ఉపయోగించవచ్చును.'

"ఇది కేవలం రంగునకు సంబంధించినది. తమ ఇతర గుణముల గురించి సంఘం వ్యాఖ్యానించదు" అన్నారు వేదాచలం గారు, దయగానే.

పదో తేదీన మా బావమరిది సూరిబాబు పిఠాపురం నుంచి బస్సెక్కి వచ్చాడు. సుభద్ర తమ్ముడు. అతని పెళ్ళిలో శుభలేఖలోని తప్పుల్ని నేను ఎర్ర సిరాతో దిద్ది వీధరుగు మీద పెట్టానని పాతికేళ్ళుగా అతనికి కొంచెం మనసులో ఉంది. తల దువ్వుకుని, చేతులు కట్టుకుని సంఘం ముందు నిలబడ్డాడు.

"సదరు భీమశంకరం గారిని సదరు చొక్కాలో తమరు చూచియుంటిరా?"

"చూసేనండి. మా బావగారు దేవుడులాంటి మడిసండి. నేను అబద్ధం చెప్పకూడదు. ఓసారి మా మావిడితోటలో కావలికి దిష్టిబొమ్మ ఎడితే, దూరాన్నుంచి చూసి, బావగారూ ఎప్పుడొచ్చేరు, భోజనానికి లెగండి అన్నానండి. అది పలకలేదు. కోపవొచ్చిందేమో అని కాళ్ళు కడుక్కోడానికి నీళ్ళు కూడా పట్టికెళ్ళేను."

సంఘం సభ్యులు ఫైళ్ళ వెనక మొహాలు దాచుకున్నారు. సభ్య కార్యదర్శిగా నిర్ణయం రాయాల్సింది నేనే. 'దరఖాస్తుదారునికి సదరు చొక్కా ఏ కోణము నుండియు నప్పలేదని సంఘం నిస్సంశయముగా భావించినది' అని రాసి సంతకం పెట్టాను. తెలుగు మాత్రం బాగా కుదిరింది.

నా ఒక్కడికే కాదు. అత్తవారి సాక్ష్యాలతో నలభై రెండు దరఖాస్తులూ కొట్టుకుపోయాయి. ఒక ఆడపడుచు అయితే సాక్ష్యం చెప్పడానికి వచ్చి, చీరతో మొదలుపెట్టి పెళ్ళినాటి మర్యాదల దాకా వెళ్ళింది. పద్నాలుగో తేదీ నాటికి నప్పిన దుస్తులున్న ఉద్యోగి మండలిలో ఒక్కరూ లేరు. నప్పిన దుస్తులు లేనిదే హాజరుపట్టీలో సంతకం చేయరాదు. అందరం వచ్చాం, ఎవరమూ హాజరు కాలేదు.

ఆ సాయంత్రం వేదాచలం గారు రికార్డు గదిలోంచి సర్వీసు పుస్తకాల కట్టతో వచ్చారు. కళ్ళజోడు వెనక కళ్ళు తడిగా ఉన్నాయి. ఆయనకు మార్గం దొరికింది.

"ప్రతి ఉద్యోగి సర్వీసు పుస్తకములో చేరిన నాటి ఫొటో ఉన్నది. దానిపై గెజిటెడ్ అధికారి ధ్రువీకరణ ఉన్నది. అనగా సదరు వ్యక్తి, సదరు దుస్తులలో, సరిగానే ఉన్నాడని ప్రభుత్వమే ఒప్పుకున్నది. ఇంతకు మించిన నప్పుదల ఏమున్నది? రేపటి నుండి ప్రతివారూ తమ ఫొటోలోని దుస్తులతో రావలెను."

ఇది తప్పు అనడానికి మాకు ఏ నిబంధనా దొరకలేదు.

మర్నాడు మండలి ముప్ఫై ఏళ్ళు వెనక్కి నడిచి వచ్చింది. లెక్కల విభాగం అంతా బ్యాగీ ప్యాంట్లు. టైపిస్టులు బుట్ట చేతుల జాకెట్లు. యాభై రెండేళ్ళ నూకరత్నం ఫొటోలో రెండు జడలతో, రిబ్బన్లతో ఉంది. ఒక జడతో వచ్చిందని గుమ్మం దగ్గరే ఆపేశారు. తిన్నగా నా బల్ల దగ్గరకు వచ్చింది.

"రెండో జడకి జుట్టెక్కణ్ణించి తేనండీ? మీకు రెండే దార్లు. సవరణైనా ఇవ్వండి, సవరమైనా ఇప్పించండి."

సవరం ఇప్పించాను. అంటే, సుభద్రను అడిగి ఇంట్లో పాతది తెచ్చి ఇచ్చాను. అక్షరశిల్పి చేసిన పనులన్నీ సన్మానపత్రంలో రావు.

ఇంతవరకూ ఫరవాలేదు. చిక్కు మా జట్టుతో వచ్చింది. నాతోపాటు, వేదాచలం గారితోపాటు, ఆ ఏడాది చేరిన మగవాళ్ళం తొమ్మిది మంది. తొమ్మిది మందిమీ బస్టాండు వెనక ఒకే స్టూడియోలో ఫొటో దిగాం. ఆ రోజుల్లో స్టూడియోలో మేకుకు ఒక కోటు వేలాడేది. ఉద్యోగం ఫొటో అనగానే దాన్ని తొడిగేవారు. నల్ల కోటు, దానికే కుట్టేసిన టై. తొమ్మిది ఫొటోల్లోనూ అదే కోటు.

స్టూడియో ఇప్పుడు సెల్‌ఫోన్లు బాగుచేసే కొట్టు అయింది. కోటు మాత్రం ఉంది. ఇన్వర్టరు మీద దుమ్ము పడకుండా కప్పారు. వేదాచలం గారు స్వయంగా వెళ్ళి, రసీదు రాసిచ్చి తీసుకొచ్చారు. నకలు కుట్టిద్దామని నేనంటే, "ధ్రువీకరించినది ఈ కోటును. నకలును కాదు" అన్నారు.

కోటు వంతుల పట్టిక నేనే తయారుచేశాను. మనిషికి నలభై ఐదు నిమిషాలు. కోటు ఎవరి ఒంటి మీద ఉంటే వాడు ఉద్యోగి. మిగతా ఎనిమిది మందీ వరండాలో సందర్శకులు. ఉప్పుగాలి, ఉక్క, నల్ల కోటు. మూడో మనిషికల్లా కోటు తడిసేది. ఐదో మనిషి నుంచి తీసుకున్నప్పుడు అది నాకన్నా ముందే నిట్టూర్చేది.

ఏలేశ్వరం నుంచి బుట్టల సంఘం అధ్యక్షురాలు మంగాయమ్మ ఒక సంతకం కోసం వచ్చింది.

"ఆఫీసరు గారు ఎవరండి?"

"కోటున్నాయన" అన్నారు ఎవరో.

ఆవిడ ఆ బల్ల దగ్గరకు వెళ్ళేసరికి కోటు వెళ్ళిపోయేది. ఇంకో బల్లకు వెళ్ళేసరికి అక్కణ్ణించీ లేచేది. నాలుగు రోజులు అలా తిరిగింది. ఐదో రోజున అర్జీ మార్చి రాయించుకొచ్చింది. పైన 'శ్రీయుత కోటు గారి సముఖమునకు' అని ఉంది. నూకరత్నం దానికి నంబరు వేసి లోపలికి పంపింది.

ఆ అర్జీ నా బల్ల మీదకే వచ్చింది. నేను చూశాను. మొదట 'సముఖమునకు' సరైనదే అనుకున్నాను. తరవాతే సిగ్గు వేసింది.

ముప్ఫై ఒకటో తేదీ వచ్చింది. సాయంత్రం ఐదు గంటలకు నా సన్మానం. సన్మానపత్రం అచ్చయి, చట్రం కట్టి, హాల్లో బల్ల మీద ఉంది. చేతిసంచిలో చిలకపచ్చ చొక్కా ఉంది. ఎందుకు తెచ్చానో నాకు తెలీదు. ఇంట్లోంచి బయల్దేరుతుంటే సుభద్ర సంచిలో పెట్టింది. ఇస్త్రీ చేసి ఉంది.

మూడున్నరకు డైరెక్టరు గారు మౌనం ముగించుకుని దిగారు. హాల్లోకి అడుగుపెట్టి, బ్యాగీ ప్యాంట్లనీ రెండు జడల్నీ చూసి రెండు చేతులూ గుండెల మీద పెట్టుకున్నారు.

"మీ మనసుల్లో ఇవా ఉన్నాయి? ఇన్నేళ్ళూ ఇవి వేసుకోవాలనుకుని ఆగిపోయారా? వేదాచలం గారూ, నాకు మాటలు రావట్లేదు."

"ఉత్తర్వును అక్షరాలా అమలుపరచడమైనది" అన్నారు వేదాచలం గారు.

"రెండు నెలలు చాలవు. ఏడాది పొడవునా ఇలాగే ఉండాలి. రేపే ప్రధాన కార్యాలయానికి రాస్తాను. అన్ని జిల్లాలకీ పెడదాం."

హాల్లో నలభై మంది నా వైపు చూశారు. నూకరత్నం చూడలేదు. సవరం జడను ముందుకు వేసుకుని, నంబరు వేసే రిజిస్టరు తెరిచి, ఖాళీ గడి మీద వేలు పెట్టి కూర్చుంది.

నేను కాగితం తీశాను. ఒక్క లైను. నాలుగు నిమిషాలు పట్టింది. 'సవరణ' అనే మాట నా చేతి రాతలో ఎలా ఉంటుందో నేనెప్పుడూ చూడలేదు. బాగానే ఉంది.

వేదాచలం గారికి ఇచ్చాను. రెండుసార్లు చదివారు.

"ఇది తమరి చేతివ్రాతయేనా?"

"అవునండి."

"సన్మానపత్రం అచ్చయినది. చట్రం కూడా కట్టించడమైనది."

"తెలుసండి."

"తమరు సమర్పించిన పిదప నేను పైకి పంపక తప్పదు. అయితే ఒక ఇబ్బంది. సమర్పించువాడూ, సిఫారసు చేయువాడూ డైరెక్టరు గారి ఎదుట ఏకకాలమున ఉండవలెను. ఇరువురూ నప్పిన దుస్తులలో ఉండవలెను. కోటు ఒక్కటే."

నాలుగు గంటల ఇరవై రెండు నిమిషాలు. కోటు ఆయన ఒంటి మీదే ఉంది.

"నిబంధనలో 'కోటు ధరించి' అని ఉందండి. 'రెండు చేతులకూ' అని లేదు" అన్నాను.

ఆయన మొహంలో మెల్లగా గౌరవం లాంటిది వచ్చింది. కుడిచెయ్యి కోటులోంచి బయటకు తీశారు. ఖాళీ అయిన ఆ కోటు చేతిలో నా కుడిచెయ్యి దూర్చాను. ఎడమచెయ్యి ఆయనది. మధ్యలో టై ఇద్దరికీ చెరిసగం. అడ్డంగా నడిచి డైరెక్టరు గారి గదిలోకి వెళ్ళాం. గుమ్మంలో ఒకసారి ఇరుక్కున్నాం.

"మీ ఇద్దరికీ ఇంత స్నేహమని నాకు తెలీదు" అన్నారు డైరెక్టరు గారు.

"అయ్యా, తమరు నచ్చిన అన్నారు. నేను నప్పిన అని రాశాను. తప్పు తమరిదీ కాదు, టైపుదీ కాదు. ఇక్కడ ఎవరూ ఈ బట్టలు ఇష్టపడి వేసుకోలేదు."

జరిగిందంతా చెప్పాను. బెల్లం అట్ట దగ్గర ఆయన కళ్ళు మూసుకున్నారు.

"ఎందుకు మార్చారు?"

"బాగుంటుందనండి."

"భీమశంకరం గారూ, ఇవాళ మీ ఆఖరి రోజు. ఈ మచ్చ మీకెందుకు? ఇది చింపేయండి. రేపు పాత ఉత్తర్వు రద్దు చేసి నేనే కొత్తది ఇస్తాను. మీ పేరెక్కడా రాదు."

ఎంత సులువు. హాల్లో చట్రం, చట్రంలో నేను, మచ్చ లేకుండా. గోడ గడియారం నాలుగూ ముప్ఫై ఐదు.

"రేపు నేనుండనండి."

"అదే కదా చెబుతున్నాను. మీకే ఇబ్బందీ ఉండదు."

"నాకో చొక్కా ఉందండి" అన్నాను.

ఆయన సవరణ కాగితాన్ని బల్ల మీద పరిచారు. ముందు మా ఇద్దర్నీ సంతకాలు చేయమన్నారు. నేను కుడిచేత్తో చేశాను. కుడిచెయ్యి మా ఇద్దరి మధ్య ఇరుక్కుపోయిన వేదాచలం గారికి స్వాధీనంలో ఉన్నది ఎడమచెయ్యే. ముప్ఫై ఒక్క ఏళ్ళలో ఆయన పెట్టిన సంతకాల్లో చదవగలిగింది అదొక్కటే. తరవాత డైరెక్టరు గారు పెట్టారు.

నూకరత్నం నాలుగూ నలభై రెండుకు నంబరు వేసింది. వేస్తూ జడలోంచి సవరం లాగి నా బల్ల మీద పెట్టింది. "మేడం గారికి ఇచ్చేయండి. థాంక్సని చెప్పండి."

రికార్డు గదిలో చొక్కా మార్చుకున్నాను. పదకొండేళ్ళలో చొక్కా ఎదగలేదు. నేను ఎదిగాను. మూడో బొత్తాం పట్టలేదు. దాని చోట రూపాయంత ఆరో గ్రేడు బెల్లం కనబడుతోంది. అలాగే బయటకు వచ్చి, హాలు మధ్యలోంచి నడిచి, నా కుర్చీలో కూర్చున్నాను. తువ్వాలు వెనక్కి వేశాను.

ఎవరో దగ్గారు. ఒకరు నవ్వారు. ఫ్యాను గాలికి కాలరు కొంచెం ఎగిరింది. పదకొండేళ్ళు నేను ఊహించుకున్న దానిలో ఈ కాలరు ఎగరడం లేదు. బాగుంది.

మంగాయమ్మ గుమ్మంలోంచి తొంగి చూసింది.

"ఇప్పుడు ఆఫీసరు గారు ఎవరండి?"

"నేనేనమ్మా. ఇంకో పదమూడు నిమిషాల దాకా నేనే. అర్జీ నా దగ్గరే ఉంది."

సంతకం చేసి ఇచ్చాను. ఆవిడ కాగితం కన్నా చొక్కాను ఎక్కువసేపు చూసింది. "పువ్వులు బాగున్నాయి బాబూ. మా బుట్టల మీద ఎయ్యొచ్చు" అని వెళ్ళిపోయింది.

ఐదుకు మూడు నిమిషాలున్నాయనగా అందరూ సన్మానం కోసం హాల్లో సర్దుకుంటున్నారు. వేదాచలం గారు నా బల్ల దగ్గరకు వచ్చారు. కోటు ఇప్పుడు పూర్తిగా ఆయన మీదే ఉంది. చేతిలో కొత్త కాగితం.

"సవరణలో తమరు ఒక మాటనే మార్చితిరి. 'హాజరు కావలెను' అట్లే ఉన్నది. కనుక నేటి నుండి నచ్చిన దుస్తులు ధరించుట తప్పనిసరి. నచ్చినదనుటకు రుజువు కావలెను. సదరు చొక్కా తమకు నచ్చినదనుటకు ఆధారమేమి?"

నేను మూడో బొత్తాం చూపించాను. "పట్టట్లేదండి. బావమరిది దిష్టిబొమ్మ అన్నాడు. సంఘం నప్పలేదంది, ఆ ముక్క నేనే రాశాను. అయినా వేసుకున్నాను."

వేదాచలం గారు రాసుకున్నారు. రాసింది చదువుకున్నారు. ఏమీ కొట్టేయలేదు. కాగితం నాలుగు మడతలు పెట్టి కోటు జేబులో వేసుకున్నారు. కానీ వెళ్ళలేదు. హాలు వైపు చూశారు, వరండా వైపు చూశారు. వంగి, నా చొక్కా కాలరు అంచును రెండు వేళ్ళ మధ్య పట్టుకుని, బట్ట ఎలా ఉందో నలిపి చూశారు.

"ఏవండీ, ఇదెక్కడ కొన్నారు?" అన్నారు నెమ్మదిగా. ముప్ఫై ఒక్క ఏళ్ళలో ఆయన నాతో అలా మాట్లాడటం అదే మొదటిసారి.

"మెయిన్ రోడ్డులోనండి. తోపుడు బండి మీద."

"నలభై నాలుగు సైజు దొరుకుద్దంటారా?"

"అడుగుదాం. ఎవరికండి?"

టై కొంచెం వదులు చేసుకున్నారు. మెడ ఎర్రబడింది.

"ఎవరికో ఏటండీ. నాకే."